దొరసాని సీసాకి బిరడా

చర్చి వార్షికోత్సవం రేపనగా, శనివారం పొద్దున్న ఆదాము వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లీలారాణి నరసన్నపేట నుంచి తిరిగి వచ్చేలోగా దొరసాని సీసాను కడిగి, తుడిచి, తీసిన చోటే పెట్టెయ్యాలి. కాఫీ తాగినంతసేపు కూడా పట్టని పని. ఇంత చిన్న పథకాన్ని కూడా చెడగొట్టుకోగల మనిషి చీపురుపల్లి మొత్తానికి ఒక్కడే ఉన్నాడని, అది తానేనని ఆదాముకు ఆ పొద్దున్న గుర్తు రాలేదు.

దొరసాని సీసా అంటే ఆ ఊరి బాప్టిస్టు సంఘంలో తెలియనివాళ్లు లేరు. జానెడు ఎత్తు, నీలమూ ఆకుపచ్చా కలిసిన గాజు, బల్లపరుపు పొట్ట. ఒక పక్క రెక్కలు చాపిన గద్ద, రెండో పక్క ద్రాక్షగుత్తి. రెండూ గాజులోంచే ఉబికి వచ్చిన బొమ్మలు. అచ్చు రెండు ముక్కలూ కలిసినచోట అంచుల వెంట సన్నని గీత. లీలారాణి మామ్మ ఒకప్పుడు అమెరికా దొరసాని వెంట ఊరూరా తిరిగి ప్రార్థనలు చేసేది. దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఆ సీసాను ఆమె చేతిలో పెట్టింది. అప్పటినుంచీ ఏటా సంఘ వార్షికోత్సవంనాడు రొట్టె విరిచి పంచే ప్రభువు బల్లకు ద్రాక్షరసం ఆ సీసాలోనే వస్తుంది. ద్రాక్షగుత్తి ఉంది కాబట్టి అది బల్ల కోసమే చేయించిన సీసా అని అందరి నమ్మకం. గద్ద మీద అయితే ఊరికి వచ్చిన ప్రతి పాస్టరూ తలా ఒక ప్రసంగం చేశాడు.

సీసాను గుమ్మం నుంచి బల్లదాకా మోసుకెళ్లే భాగ్యం ఎప్పుడూ లీలారాణిదే. ఈ ఏడాది ఆమె మోకాలు మొరాయించింది. ఆమె అన్న రాబర్ట్ నరసన్నపేటలో తెల్ల సఫారీ కుట్టించుకుని మరీ పిలుపు కోసం ఎదురుచూశాడు. మామ్మ ఆ సీసాను మనవడిని కాదని మనవరాలికి ఇచ్చినందుకే అతనికి ఇంకా మనసులో ముల్లు. లీలారాణి మాత్రం, "ఈసారి మా ఆయన మోస్తారు" అనేసింది.

"బావ సేతికా? గాజు సామానా?" అన్నాడు రాబర్ట్.

అనడంలో తప్పు లేదు. ఆదాము ఇంట్లో గ్లాసులన్నీ స్టీలువే. గాజువి ఎందుకు లేవో బంధువులందరికీ తెలుసు. ఆయన చేయి తగిలితే గడియారాలు ఆగేవి, కుర్చీలు కుంటేవి. అలాంటి చేతికి లీలారాణి ఆ సీసాను అప్పగిస్తానన్నప్పుడు ఆదాము పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి నుంచీ నిండు చెంబు పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు, అలవాటు కోసం.

సీసా నిక్షేపంగానే ఉంది. కడిగినప్పుడు జారలేదు, తుడిచినప్పుడు తగల్లేదు. ఆదాము తన చేతులను తానే మెచ్చుకుని, చివరిగా బెండు బిరడా పెట్టాడు. బిరడా ఏ కాలం నాటిదో, ఆయన వేలు ఆనగానే ఎండిన రొట్టెలా పొడైపోయింది. సగం నేలమీద, సగం సీసాలో.

ఈ సంగతి లీలారాణికి తెలిస్తే ఏమంటుంది? ఏమీ అనదు. నిట్టూర్చి, "పోనీలెండి, అన్నయ్య మోస్తాడు" అంటుంది. అదే ఆయన భయం. తిట్టినా భరించగలడు గానీ ఆ నిట్టూర్పు భరించలేడు.

ముక్కలన్నీ కడిగేసి, తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాడు. కొత్త బిరడా సరిపోతుందో లేదో చూడాలంటే సీసా వెంట ఉండాలి. చేత్తో పట్టుకోవాలంటే భయం. అందుకని ప్యాంటు వెనకజేబులో పెట్టుకున్నాడు. ఆ సీసాకు ఏదో ఒంపు ఉంది. ఆ జేబు కొలతలు తీసుకుని చేసినట్టు లోపలికి జారి, నడుముకు అంటుకుని హాయిగా కూర్చుంది. దేవుడు ప్రతి చిన్న విషయమూ ముందే చూసుకుంటాడని ఆదాము సంతోషించాడు.

మొదట హార్డ్‌వేర్ షాపు జగన్నాధం దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు.

"బిరడానా? ఆ మాట యిని ఎన్నాళ్లయిందిరా!" అన్నాడు జగన్నాధం. "రబ్బరుది ఉన్నాది. ప్లాస్టిక్‌ది ఉన్నాది. నాను ఎమ్‌సీల్ పెట్టీగలను, మళ్లీ జన్మలో ఊడదు."

"ఊడకపోతే రసం ఎలగ పోస్తార్రా?"

"అయితే మొక్కజొన్న కండె ముక్క కోసి దోపేయ్. మా అమ్మ నూనెబుడ్డికి అదే పెట్టీది."

"సంఘమంతా సూస్తాదిరా. కండెముక్క పెట్టుకుని బల్లకాడికి ఎల్తానా? ఆ రాబర్ట్ బావ నవ్వి సస్తాడు."

హోమియో డాక్టరు దగ్గర బిరడాలు ఉన్నాయి గానీ అవి చిటికెన వేలంత కూడా లేవు. నాలుగు కలిపి కట్టుకోమని ఆయన సలహా ఇచ్చాడు. ఆదాము మళ్లీ జగన్నాధం దగ్గరికే వచ్చి చతికిలబడ్డాడు. జగన్నాధం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరే, నిజం బిరడా ఈ ఊర్లో దొరికితే ఒక్క సోటే దొరుకుతాది. నానంటే కోప్పడకు. రైలుగేటుకాడ వైన్ షాపు."

ఆదాము చెవులు మూసుకున్నాడు. కారణం ఉంది. గరివిడి ఫ్యాక్టరీలో రిటైరయినప్పటి నుంచీ ఆయన సంఘంలో మద్యనిషేధ కమిటీ కార్యదర్శి. ఏటా వార్షికోత్సవానికి ముందు అదే షాపు ఎదురుగా నిలబడి కరపత్రాలు పంచుతాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. దగ్గు మందు కూడా వాసన చూసి గానీ తాగడు.

అయినా వెళ్లాడు. ముఖానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, గోడవారన, పక్కకి పక్కకి అడుగులేస్తూ వెళ్లాడు. మామూలుగా నడిచి ఉంటే ఎవరూ చూసేవారు కాదు.

కౌంటర్లో ఎల్లాజీ అరక్షణంలో గుర్తుపట్టాడు. "సార్! తవరా? కరపత్రాలు తెచ్చీసేరేటి?"

"నెమ్మదిగా మాట్లాడు బాబూ. బిరడా కావాలి. ఉట్టి బిరడా."

"ఉట్టి బిరడా ఎవులమ్ముతారు సార్? మాకొచ్చీవన్నీ తిప్పుడు మూతలే." ఎల్లాజీ బుర్ర గోక్కుని పైకి చూశాడు. "బిరడా సీసా ఒకటే ఉన్నాది. అదిగో, ఆ మూల. ఎర్ర వైను. ఈ ఊర్లో ఎవులడుగుతారు? నాను వచ్చిన కాడ్నించీ అక్కడే ఉన్నాది."

ఆదాము కమిటీని తలుచుకున్నాడు, రాబర్ట్ సఫారీని తలుచుకున్నాడు. జేబులో ఉన్నదంతా తీసి కౌంటరు మీద పెట్టాడు.

"మూత నాకిచ్చేయ్. సీసా నువ్వే ఉంచుకో."

"అమ్మిన సరుకు ఎనక్కి తీసుకోం సార్. అదీ గాక ఈ మూత తీసీ పనిముట్టు నా కాడ నేదు."

ఆదాము జగన్నాధానికి ఫోన్ చేశాడు. జగన్నాధం పెద్ద స్క్రూ, పటకారూ తీసుకుని బండి మీద రెక్కలు కట్టుకుని వచ్చాడు. వినోదం చూద్దామని వచ్చాడు గానీ సాయం చెయ్యడానికి కాదు. షాపు పక్క ఖాళీ స్థలంలో ఆదాము వైను సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. జగన్నాధం బిరడాలోకి స్క్రూ తిప్పి, పటకారుతో పట్టి, కాలు తన్నిపెట్టి లాగాడు. మందు కోసం వరసలో ఉన్నవాళ్లు వరస వదిలేసి చుట్టూ చేరారు. "ఇంకొంచెం! వస్తన్నాది, వస్తన్నాది!" అని ఉత్సాహపరిచారు. టప్పున బిరడా ఊడింది. జగన్నాధం వెల్లకిలా పడ్డాడు. ఎర్ర వైను లేచి ఆదాము తెల్లచొక్కా మీద ఛాతీ నిండా పడింది.

బిరడా చక్కగా ఉంది. ఆదాము దాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేసి, మిగిలిన వైను పారబొయ్యడానికి కాలవ వైపు నడిచాడు. అప్పుడు గోల మొదలైంది.

"మావా! పారబోస్తావేటి? పాపం తగుల్తాది!"

"ఇలగివ్వు మావా, గ్లాసున్నాది!"

అన్ని వైపుల నుంచీ ప్లాస్టిక్ గ్లాసులు చుట్టుముట్టాయి. ఆదాము చొక్కా పట్టుకుని లాగారు. ఇవ్వకపోతే ఇక్కడినుంచి కదలనివ్వరని ఆయనకు అర్థమైంది. "మానెయ్యండి నాయనా, ఇది మంచిది కాదు" అంటూనే ఒక్కొక్కరికీ పోశాడు. బోధ చెబుతూ వైను పోసిన మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఎరగరు. కొందరు దండం పెట్టారు.

ఈలోగా జగన్నాధం బిరడాను చాకుతో చెక్కి దొరసాని సీసాకు సరిచేశాడు. "కారుతాదో నేదో సూడాలి కదరా" అంటూ ఆదాము చేతిలోంచి వైను సీసా లాక్కుని, అడుగున మిగిలింది దొరసాని సీసాలో పోసేశాడు. పోసి, బిరడా దోపి, అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు.

"ఓరి దుర్మార్గుడా! నీళ్లు నేవా నీకు?"

"నీళ్లకి నడిచెళ్లాలి. ఇది సేతిలో ఉన్నాది." తలకిందులు చేసి చూపించాడు. చుక్క కారలేదు. బిరడా ఊడదీద్దామని ఇద్దరూ లాగారు, కదల్లేదు. స్క్రూ తిప్పితే కొత్త బిరడా కూడా పొడైపోతుందేమోనని ఆదాముకు భయం. ఇంటికి వెళ్లి మెల్లగా చూసుకోవచ్చని సీసాను వెనకజేబులోకి తోశాడు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. అంతసేపూ రైల్వేగేటు వేసి ఉంది. గేటు ముందు ఆగిన ఆటోలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు దానమ్మ కూర్చుని ఉంది. గూడ్సు బండి ఎంత పొడవో అంతసేపూ ఆమె చూసింది. మద్యనిషేధ కమిటీ కార్యదర్శి సీసా మోకాళ్లలో పెట్టుకోవడం చూసింది. ఎర్రబడ్డ చొక్కాతో జనానికి వంతులవారీగా పొయ్యడం చూసింది. తాగుబోతులు ఆయనకు దండాలు పెట్టడం చూసింది. ఆఖరికి ఆయన మిగిలింది వెనకజేబులో దాచుకోవడం కూడా చూసింది. దానమ్మ చాడీలు చెప్పే మనిషి కాదు. ప్రార్థించమని కోరడానికి మాత్రమే అందరికీ ఫోన్లు చేసింది. గేటు తెరిచేసరికి చీపురుపల్లి అయిపోయి గరివిడి సంఘానికి కూడా కబురు చేరింది.

ఆదాము ఇంటికి వచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. పక్కన రాబర్ట్ కారు. లోపలినుంచి పదిమంది ఆడవాళ్లు ఒక్కసారే ప్రార్థన చేస్తున్న హోరు. మధ్యలో తన పేరు వినబడింది. ఎవరికో ఏదో అయిందనుకుని పరుగెత్తుకుని లోపలికి వెళ్లాడు. హోరు ఆగిపోయింది. అందరి కళ్లూ ఆయన చొక్కా మీద, అందరి ముక్కులూ గాలిలో.

లీలారాణి మోకాలు చాపుకుని కుర్చీలో కూర్చుని ఉంది. రాబర్ట్ తెల్ల సఫారీలో ఆమె వెనక నిలబడ్డాడు, తీర్పు చెప్పడానికి వచ్చినవాడిలా.

"ఆదాముగారూ," అంది దానమ్మ, తడిసిన గొంతుతో, "మేం తిట్టడానికి రానేదు. ఆ ఎనకజేబులోది తీసి ఇక్కడ పెట్టండి సాలు."

ఆదాము తీసి బల్ల మీద పెట్టాడు. దొరసాని సీసా. సగందాకా ఎర్రగా వైను. గద్ద బొమ్మ వైనులో ముంచి తీసినట్టు మెరిసింది. వెనక ఎవరో "ప్రభువా" అని మూలిగారు.

"సూసేవా సెల్లీ!" రాబర్ట్ గొంతు పైకి లేచింది. "మామ్మ సీసాలో సారా! బల్ల మీద పెట్టీ సీసాలో! అందుకే సెప్పేను, ఆ సేతికి ఇవ్వొద్దని!"

ఇక దాచి లాభం లేదు. ఆదాము బిరడా పొడైపోవడం నుంచి జగన్నాధం కొట్టిన అరచేతి దెబ్బదాకా అంతా చెప్పాడు. సగంమంది నమ్మారు, సగంమంది ఊదమన్నారు. దానమ్మ ఆయన నోటి దగ్గరికి వచ్చి వాసన చూసి, కాఫీ అని ప్రకటించింది.

"తాగలేదు గానీ తప్పు నాదే లీలా," అన్నాడు ఆదాము. "నీతో ముందే సెప్పాల్సింది. నువ్వు నిట్టూరుస్తావని భయపడ్డాను. ఇంతమంది ముందు సీసాని అవమానం సేసేను. రేపు రాబర్ట్ బావే మొయ్యనీ. నేను ఎనక బెంచీలో కూచుంటాను."

లీలారాణి నిట్టూర్చలేదు. నవ్వింది. మొదట పెదాలు బిగపట్టి, తర్వాత పట్టలేక, కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అందరూ భయపడ్డారు.

"అవమానమేటండీ! పాపం దానికి ఇన్నేళ్లకి సొంత సరుకు పడ్డాది," అంది. "అది పుట్టిందే సారాసీసాగా. దొరసాని తాతది."

అందరూ బల్ల మీదకు వంగి సీసాను కొత్తగా చూశారు.

"దొరసాని మా మామ్మకి సెప్పింది. ఆళ్ల దేశంలో తాతల కాలంలో ఇంటింటా ఇలాంటి సీసాలేనంట. కరిగిన గాజుని అచ్చులోకి ఊదీవోరు. ఒకదానిమీద గద్ద, ఒకదానిమీద ఓడ, ఒకదానిమీద నాయకుడి మొహం. మనం కేలెండర్లు తగిలించుకున్నట్టు ఆళ్లకి సీసా మీద బొమ్మలు. పొలానికెళ్లినా సంతకెళ్లినా జేబులో పెట్టుకెళ్లీవోరు. ఆ ఒంపు అందుకే. ఎనకజేబులో బాగా పట్టిందా లేదా?"

"బాగా పట్టింది," అన్నాడు ఆదాము బలహీనంగా.

"దొరసాని తాత దీంతోనే పొలం పోగొట్టుకున్నాడంట. ఆఖరికి మానీసిన రోజున కడిగి, ద్రాక్షరసం పోసి, తనే సర్చికి మోసుకెళ్లాడు. అందుకే దొరసాని దీన్ని సముద్రం దాటించి తెచ్చింది. మామ్మ నాకిచ్చినపుడు ఒకటే సెప్పింది. ఎవురైనా తాగి, సిగ్గుతో తలొంచుకున్న రోజున ఈ కథ సెప్పు, అంతదాకా దాసిపెట్టు అని. నేను సూస్తానే ఉన్నాను. మా ఆయన తాగరు. మా అన్నయ్య తాగడు. ఒక్కడూ తాగడే! ఈ కథ నాతోనే పోతాదేమోనని బెంగ పడిపోయేను."

దానమ్మ ముందుకు వచ్చి సీసాను రెండు చేతులతో పట్టుకుంది. ఆమె పెద్దకొడుకు తాగుడు సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. "రేపు మావాడిని తీసుకొస్తాను," అంది మెల్లగా. "వాడికి ఈ కథ సెప్పాల. ఎవురు మోసినా పర్లేదు, కథ మాత్రం సెప్పాల."

"ఎవురేటి? మా ఆయనే మోస్తారు," అంది లీలారాణి. "తాగనోడు వైను షాపుకెళ్లి, అందరిచేతా మాట పడి, సీసాని పగలగొట్టకుండా ఇంటికి తెచ్చేరు. మాట పడ్డం సంగతి అలాగుంచు, పగలగొట్టకుండా తెచ్చేరు! ఎల్లండి, ముందు ఆ సొక్కా మార్చుకోండి."

ఆదాము లోపలికి వెళ్లాడు. ఆనందంతో కాళ్లు నేలమీద ఆనడం లేదు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని మళ్లీ విప్పి పెట్టుకున్నాడు.

బయట రాబర్ట్ మాత్రం ఊరుకోలేకపోయాడు. "మోసీది ఎవురైనా, ముందు అందులో ఉన్నది పారబొయ్యాల," అని సీసా అందుకుని వీధి అరుగు మీదకు నడిచాడు. బిరడాను గుడ్డతో పట్టి, పళ్లు బిగించి, మామ్మ మీద కోపమూ, చెల్లెలి మీద కోపమూ కలిపి ఒక్క లాగు లాగాడు. బిరడా భేషుగ్గా ఊడింది. దాంతోపాటు వైను కూడా ఊడిపడి తెల్ల సఫారీని కాలరు నుంచి కింది బొత్తాందాకా తడిపింది.

సరిగ్గా అప్పుడే గరివిడి స్త్రీల సమాజం వాళ్ల వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. వాళ్ల నాయకురాలు పద్మకుమారికి ఫోన్లో అందిన ఆనవాళ్లు మూడే: లీలారాణి ఇంటి మగమనిషి, తెల్లచొక్కా మీద ఎర్ర వైను, చేతిలో సీసా. మూడూ ఆమె కళ్ల ముందు అరుగు మీద నిలబడి ఉన్నాయి.

"బ్రదర్, భయపడకండి. మేం వచ్చేం," అంది పద్మకుమారి. వ్యానులోని వాళ్లంతా దిగి రాబర్ట్ చుట్టూ నిలబడ్డారు.

"నేను కాదండీ! మా బావ!"

"అవును బ్రదర్, ముందు అందరూ బావ అనే అంటారు," అని ఆమె జాలిగా అతని తలమీద చేయి పెట్టింది. ప్రార్థన అందుకుంది. అడ్డుకోబోయిన దానమ్మ మాట ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. నిజానికి ఆమె అంత గట్టిగా కూడా చెప్పలేదు. ఉతికిన చొక్కాతో బయటికి వచ్చిన ఆదాము ఆ దృశ్యం చూసి, వెనక వరసలో భక్తిగా మోకరించి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఆదివారం ఆయన దొరసాని సీసాను గుమ్మం నుంచి బల్లదాకా మోశాడు. అంత దూరమూ ఊపిరి తీసుకున్నట్టు లేదు. సీసాలో ద్రాక్షరసం, దానిమీద వైను షాపు బిరడా. బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి లీలారాణి మొదటి బెంచీలోంచి ఆయన్నే చూస్తోంది. పెళ్లినాడు కూడా ఆమె అలా చూడలేదని ఆదాము తర్వాత జగన్నాధానికి చెప్పుకున్నాడు. దానమ్మ కొడుకు ఆ సీసా కథ మొత్తం తలవంచుకుని విన్నాడు. చివర్లో తల ఎత్తాడు. దానమ్మకు ఆ రోజుకు అది చాలు.

రాబర్ట్ పేరు మాత్రం గరివిడి స్త్రీల సమాజం వారి శుక్రవారం ప్రార్థనల్లో ఇప్పటికీ నడుస్తోంది. తాను తాగనని అతను ఎన్నిసార్లు ఫోన్ చేసి చెబితే పద్మకుమారి అన్నిసార్లూ ప్రార్థన సమయం ఇంకో పావుగంట పెంచుతోంది.